చేతులు మారిన అంబాసిడరు

పాత కారు కొనుట పాత యిల్లు కొనుట వంటిది. ఏ తలుపు బిగియునో, ఏ మూల చూరు కారునో కాపురమున్నగాని తెలియదు. 1986వ సంవత్సరపు అంబాసిడరు నొకదానిని రాజమహేంద్రవరమున కొనిన పిమ్మట నాకీ సంగతి బోధపడినది.

ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు దీనికి మాతృక. కలకత్తా చెంతనున్న ఉత్తరపారాలో 2014 వరకు అంబాసిడర్లు తయారైనవి. నా కారులోని 1489 సీ.సీ. ఇంజను ఉరకదు, బరువెరిగిన యెద్దువలె సాగును. గేరుకఱ్ఱ స్టీరింగు ప్రక్కనే యుండును. రెండవ గేరునుండి మూడవదానికి తొందరపడి మార్చినచో గరగరలాడి మందలించును. ముందుసీటు బల్లవలె ఏకముగా నుండుటచే ముగ్గురు కూర్చుండవచ్చును. వెనుకనున్న కమాను పట్టీలు గోదావరి గట్టుమీది గోతులను మ్రింగివేయును.

కాని నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. ఒకనాటి సాయంకాలము ధవళేశ్వరము దారిలో గేదె యొకటి అడ్డము వచ్చినది. ఉన్న బలమంతయు పెట్టి బ్రేకు త్రొక్కితిని. కారు గేదెకు మూరెడు దూరమున నిలిచినది. గేదె కదలలేదు. ప్రక్కనున్న నా భార్య నుదురు మాత్రము ముందుకు తగిలి బొప్పి కట్టినది. సీటు బెల్టులు లేని కారది.

మరునాడే బెల్టులు వేయించితిని. నాటినుండి ముందు బండికి నాలుగు బండ్ల యెడమిచ్చి నడుపుచున్నాను. వెనుకవారు హారను మ్రోగించుచు దాటిపోవుదురు, పోనిత్తును.

పాత కారు కొనువారికి ఒకటే మనవి. రంగు చూచి బేరమాడకుడు. ఖాళీ రోడ్డుమీద ఒకసారి గట్టిగా బ్రేకు త్రొక్కి చూడుడు. నేనా పని కొనిన తరువాత చేసితిని.