నీళ్లు వంచిన నడుములు
ఫ్లోరోసిస్ రోగి సర్కారు లెక్కల్లోకి ఎక్కుతాడు. అతణ్ణి లేపి కూర్చోబెట్టే మనిషి ఊసు ఎక్కడా ఉండదు

హైదరాబాద్ నుంచి వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్‌లో అడుగుపెట్టే చోట ఉంది తర్లగూడ. జిల్లా బీజాపూర్, సర్కారు కాగితాలు హిందీలో. ఇళ్లలో మాత్రం గోండు, దొర్ల మాటలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. ఇదే భోపాలపట్నం ప్రాంతంలోని గెర్రాగూడ కొన్నేళ్లుగా వార్తల్లో నలుగుతోంది. కారణం అక్కడి భూగర్భ జలంలోని ఫ్లోరైడ్. నడివయసుకే నడుములు వంగి, చేతికర్ర పట్టినవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. అలాంటి నీరు ఏళ్ల తరబడి తాగితే ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకుంటుంది. వాటిని పట్టి ఉంచే కండర బంధాలు సున్నంలా గట్టిపడతాయి. మెడ తిరగదు, వెన్ను వంగదు. వెన్నుపాము నొక్కుకుపోతే కాళ్లు చచ్చుబడతాయి. ఈ స్థితికి వచ్చిన ఎముకను మామూలుగా మార్చే మందు లేదు. మంచి నీరు, పోషకాహారం, కొందరికి శస్త్రచికిత్స కొంత ఊరటనిస్తాయి, అంతే.

అక్కడి నుంచి భారమంతా ఇంటిదే, ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లదే. రోగి గొంతుక్కూర్చోలేడు కనుక కాలకృత్యాలకు మరొకరి ఆసరా కావాలి. మంచం పట్టినవాణ్ణి రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. బిగుసుకుపోయిన ఒంటిని ఎత్తడం తేలిక కాదు. దట్టంగా కనిపించే ఆ ఎముక పెళుసు. పట్టు తప్పితే విరుగుతుంది. రాత్రి నిద్ర ఉండదు, పగలు కూలికి వెళ్లే వీలుండదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలంటే అటు జగదల్‌పూర్, ఇటు వరంగల్. తోడుగా వెళ్లే మనిషి కూలి కూడా ఆ ఖర్చులో కలుస్తుంది.

తుంటి విరిగిన రోగికి సేవ చేసే కోడలికీ ఈమెకూ ఒక తేడా ఉంది. ఈమె తాగేదీ ఆ బోరింగు నీళ్లే. ఈరోజు మామను లేపే చేతులకు రేపు అవే నొప్పులు రావచ్చు. ఎత్తి దించడం వల్ల వచ్చిన నడుంనొప్పి అనుకుని ఆమె ఊరుకుంటే, జబ్బు తొలి దశ గడిచిపోతుంది.

నల్గొండకు ఇది పాత కథ. మర్రిగూడ మండలం శివన్నగూడెం వాసి అంశల స్వామిని 2003లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్లపై పడుకోబెట్టారు. ఆ దృశ్యం ఫ్లోరైడ్ గోడును ఢిల్లీకి చూపింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ నదీజలాలను ఇళ్లకు చేర్చింది. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు మిగల్లేదని 2020లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. కానీ కొత్త నీరు పాత ఎముకను సరిచేయదు. స్వామి 2023 జనవరిలో మూడు చక్రాల బండి మీంచి పడి మరణించారు. ఆయనలాంటి వారిని సాకే ఇళ్లలో చాకిరీ కుళాయి రావడంతో ఆగలేదు.

చట్టం ఈ సంగతి గుర్తించకపోలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సహాయకుల భత్యం ఇచ్చే పథకాల గురించి చెబుతోంది. దాన్ని అందుకోవాలంటే ముందు వైకల్య ధ్రువపత్రం కావాలి. దానికోసం కదల్లేని మనిషిని వైద్యుల ముందుకు మోసుకెళ్లాల్సింది మళ్లీ ఆమే.

చేయదగ్గ పనులు పెద్దవేమీ కావు. మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ, రోగిని వెన్నునొప్పి రాకుండా తిప్పే పద్ధతి నేర్పే ఆరోగ్య కార్యకర్త, ధ్రువపత్రం కోసం ఊరికే వచ్చే వైద్య బృందం. వాటన్నిటికంటే ముందు, రోగిని పరీక్షించిన రోజునే పక్కన నిలబడ్డ మనిషినీ పరీక్షించడం. ఆమెను ఇప్పుడే సురక్షిత నీటికి మారిస్తే ఆ ఇంట్లో రెండో మంచం వేయాల్సిన అవసరం తప్పుతుంది.