కుర్చీ దక్కింది, కప్పు మారలేదు: 'గీలీ పుచ్చీ'ని పని గురించిన థ్రిల్లర్‌గా చూద్దాం

2021 ఏప్రిల్ 16న నెట్‌ఫ్లిక్స్‌లో 'అజీబ్ దాస్తాన్స్' అనే హిందీ సినిమా విడుదలైంది. నలుగురు దర్శకులు తీసిన నాలుగు చిన్న కథలు అందులో ఉన్నాయి. మూడో కథ 'గీలీ పుచ్చీ'. దర్శకుడు నీరజ్ ఘేవాన్. 2015లో 'మసాన్' తీసిన దర్శకుడు ఆయనే. తాను దళితుడినని బహిరంగంగా చెప్పుకున్న అతి కొద్దిమంది హిందీ దర్శకుల్లో ఆయన ఒకరు.

ఈ కథ గురించి మాట్లాడినవాళ్ళు ఎక్కువగా ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమ గురించే మాట్లాడారు. అది తప్పేం కాదు, ఆ ప్రేమ కథలో ఉంది. కానీ ఈ కథ మొదలయ్యేది ఒక ఫ్యాక్టరీలో, నడిచేది ఒక ఉద్యోగం చుట్టూ, ముగిసేది ఆ ఉద్యోగం ఎవరికి దక్కిందన్న దగ్గర. పనిచోట మనిషి పరాయిదైపోతే ఆమె మనసులో ఏం జరుగుతుందో చూపించే సైకలాజికల్ థ్రిల్లర్‌గా దీన్ని చూసినవాళ్ళు తక్కువ. అలా చూస్తే ఇందులో మనకు పనికొచ్చే విషయాలు చాలా ఉన్నాయని మేం అనుకుంటున్నాం. కథ ముగింపుతో సహా చర్చిస్తున్నాం కాబట్టి, ముందు సినిమా చూసి తర్వాత ఇది చదవాలనుకునేవాళ్ళు ఇక్కడ ఆగవచ్చు. గంటలోపే అయిపోతుంది.

కథ ఇదీ

భారతి మండల్ (కొంకణా సేన్ శర్మ) ఫ్యాక్టరీలో యంత్రం మీద పనిచేస్తుంది. చుట్టూ అందరూ మగవాళ్ళే. ఆమె చదువుకుంది. ఆఫీసులో డేటా ఆపరేటర్ ఉద్యోగం ఖాళీగా ఉంది. ఆ కుర్చీ తనకు రావాలని ఆమె కోరిక. అర్హత ఉంది, అనుభవం ఉంది. అయినా అది కొత్తగా వచ్చిన ప్రియా శర్మకు (అదితి రావ్ హైదరీ) దక్కుతుంది. ప్రియకు ఈమధ్యే పెళ్ళయింది. బ్రాహ్మణ కుటుంబం. ఆ కుర్చీ మనలాంటివాళ్ళకు కాదని భారతికి తోటి దళిత కార్మికుడు దశరథ్ తేల్చి చెబుతాడు.

ప్రియ భారతితో స్నేహం చేస్తుంది. మొదట భారతి తన ఇంటిపేరు బెనర్జీ అని చెబుతుంది. ఇద్దరికీ దగ్గరితనం పెరుగుతుంది. ప్రియకు ఆడవాళ్ళ మీదే ఇష్టమని, ఆ సంగతి ఆమె తనకు తానే ఒప్పుకోలేకపోతోందని మనకు అర్థమవుతుంది. నమ్మకం కుదిరాక భారతి అసలు నిజం చెబుతుంది. తాను దళితురాలినని, తన తల్లి మంత్రసాని అని. ఆ క్షణం నుంచి ప్రియ తీరు మారిపోతుంది.

ఆ తర్వాత భారతి కూడా మారుతుంది. బయటికి మాత్రం స్నేహంగానే ఉంటుంది. బిడ్డను కంటే అన్నీ సర్దుకుంటాయని ప్రియకు నచ్చజెబుతుంది. ప్రియ గర్భవతి అవుతుంది, సెలవు మీద వెళుతుంది. ఆ కుర్చీలో తాత్కాలికంగా భారతి కూర్చుంటుంది. చివర్లో బిడ్డను చూసే వంకతో ప్రియ ఇంటికి వెళుతుంది. పసిబిడ్డకు తల్లి అవసరం గురించి ఆ ఇంటివాళ్ళ ముందు ఒక మాట జారవిడుస్తుంది. ప్రియ ఇక ఉద్యోగానికి వెళ్ళనక్కర్లేదని ఆ ఇల్లు నిర్ణయించేస్తుంది. అదే ఇంట్లో అందరికీ పింగాణీ కప్పుల్లో టీ ఇస్తారు. భారతికి మాత్రం స్టీలు కప్పు.

హత్య లేని థ్రిల్లర్

ఇందులో కత్తి లేదు, రక్తం లేదు, పోలీసులు రారు. అయినా రెండోసారి చూసేటప్పుడు ప్రతి సన్నివేశం దగ్గరా ఒక ప్రశ్న పట్టి లాగుతుంది: ఈ ఆలోచన భారతికి ఎప్పుడు పుట్టింది? ఆమె ప్రియను ఓదారుస్తున్నప్పుడు అది నిజమైన ఓదార్పా, పథకంలో భాగమా? ఆమె బాధ నిజం, ఆమె ప్రేమ నిజం, ఆమె లెక్క కూడా నిజమే. మూడూ ఒకే ముఖంలో కనిపిస్తాయి. కొంకణా సేన్ శర్మ ఆ ముఖాన్ని మనకు పూర్తిగా తెరవదు. ఉత్కంఠ అక్కడ ఉంది.

మన సినిమాల్లో దళిత పాత్రలకు సాధారణంగా రెండే దారులుంటాయి. ఒకటి దెబ్బలు తిని కన్నీళ్ళు పెట్టుకోవడం. రెండోది ఎవరో అగ్రకుల కథానాయకుడు వచ్చి కాపాడేదాకా ఎదురుచూడటం. భారతి ఏడుస్తూ కూర్చోదు, ఎవరి కోసమూ ఎదురుచూడదు. తెలివైనది, ఓపిక ఉన్నది, అవసరమైతే క్రూరంగా ఉండగలిగింది. దళిత పాత్రకు మంచితనం నిరూపించుకోవాల్సిన బరువు లేకుండా ఇంత పూర్తి మనిషిగా ఉండే అవకాశం ఇవ్వడమే ఈ కథ చేసిన మొదటి మంచి పని.

పరాయీకరణ అంటే ఇక్కడ ఏమిటి

పనిచోట మనిషి పరాయి కావడం గురించి కార్ల్ మార్క్స్ 1844లో రాసుకున్న రాతప్రతుల్లో వివరించాడు. కార్మికుడు తాను తయారుచేసిన వస్తువు నుంచి, తాను చేసే పని నుంచి, తన మనిషితనం నుంచి, తోటి మనుషుల నుంచి విడిపోతాడని ఆయన వాదన. ఈ నాలుగూ భారతికి వర్తిస్తాయి. కానీ వాటితో ఆమె కథ పూర్తి కాదు. ఎందుకంటే ఆమెను యంత్రం దగ్గరే కట్టి ఉంచుతున్నది పెట్టుబడి ఒక్కటే కాదు. అదే యజమాని, అదే జీతాల వ్యవస్థ ప్రియకు కుర్చీ ఇచ్చింది.

ఇక్కడ అంబేడ్కర్ కావాలి. 1936లో వచ్చిన 'కుల నిర్మూలన'లో ఆయన చెప్పిన విషయం మన పాఠకులకు తెలిసిందే. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన. మెట్లు మెట్లుగా ఒకరి మీద ఒకరిని నిలబెట్టే విభజన. అదే రచనలో మనం అంతగా పట్టించుకోని ఇంకో మాట కూడా ఉంది. పుట్టుకతో అంటగట్టిన పనిలో, సమాజం నీచంగా చూసే పనిలో, మనిషి మనసూ బుద్ధీ నిలవవని ఆయన అన్నారు. అంటే కులాన్ని పని మీద మనసు విరిచేసే వ్యవస్థగా కూడా ఆయన చూశారు. మార్క్స్ చెప్పిన పరాయీకరణకు ఈ దేశంలో ఉన్న అసలు రూపం ఇదేనని మేం అనుకుంటాం.

దీనికి చరిత్రలో గట్టి ఉదాహరణ బొంబాయి బట్టల మిల్లులు. అక్కడ జీతం ఎక్కువ వచ్చే నేత విభాగంలోకి దళిత కార్మికులను రానిచ్చేవాళ్ళు కాదు. నాడెలో దారం ఎక్కించడానికి దాన్ని నోటితో పీల్చాల్సి వచ్చేది. దళితుడి ఎంగిలి తగిలిన దారాన్ని తాము ముట్టుకోబోమని తోటి కార్మికులే అడ్డుపడ్డారు. యజమాని పెట్టిన నిబంధన కాదిది, పక్కన నిలబడి పనిచేసే కార్మికుడు గీసిన గీత. 1928 సమ్మె కాలంలో అంబేడ్కర్ ఈ విషయాన్ని కార్మిక నాయకుల ముందు పెట్టారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో మాట్లాడుతూ, కార్మికులకు బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనని చెప్పారు.

మిల్లులో దారం, ప్రియ ఇంట్లో కప్పు. రెండూ నోటికి తగిలే వస్తువులే. దాదాపు వందేళ్ళ తేడాలో గీత అక్కడే ఉంది.

ఇంటిపేరు చేసే పని

భారతి తనను బెనర్జీ అని చెప్పుకోవడం కొందరికి చిన్న అబద్ధంలా కనిపించవచ్చు. ఉద్యోగం కోసం తిరిగిన దళిత విద్యార్థికి అది అలా కనిపించదు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రైవేటు కంపెనీలు పత్రికల్లో ఇచ్చిన ప్రకటనలకు సమానమైన చదువుతో, వేర్వేరు ఇంటిపేర్లతో దరఖాస్తులు పంపారు. తేడా పేరులో మాత్రమే. అగ్రకుల పేరున్న దరఖాస్తుకు తర్వాతి దశకు పిలుపు వచ్చే అవకాశంతో పోలిస్తే దళిత పేరుకు దాదాపు మూడింట రెండు వంతులే ఉంది. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతే.

అదే సమయంలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల్లో నియామకాలు చూసే మేనేజర్లతో మాట్లాడారు. తాము చూసేది ప్రతిభ ఒక్కటేనని దాదాపు అందరూ చెప్పారు. అదే నోటితో, అభ్యర్థి 'కుటుంబ నేపథ్యం' ముఖ్యమని కూడా చెప్పారు. తండ్రి ఏం చేస్తాడు, ఇంట్లో ఎవరెవరు చదువుకున్నారు అనే ప్రశ్నలు ఇంటర్వ్యూల్లో మామూలే. కులం అనే మాట వాడకుండా కులం అడిగే పద్ధతి ఇది.

ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు. కాబట్టి భారతి లాంటివాళ్ళకు ఆ గది తలుపు దగ్గర చట్టం తోడు రాదు. పేరు దాచుకుంటే ఒక మనిషిలో ఇద్దరు బతకాల్సి వస్తుంది. ప్రతి పలకరింపు దగ్గర, ప్రతి టిఫిన్ డబ్బా దగ్గర, ఎవరైనా 'మీ ఊరు ఏది' అని అడిగిన ప్రతిసారీ లోపల ఒక లెక్క నడుస్తూ ఉంటుంది. సైకలాజికల్ థ్రిల్లర్ అంటే ఇదే కదా. ఈ దేశంలో ఎంతోమంది దీన్ని తెర మీద కాదు, తొమ్మిది నుంచి ఆరు దాకా ఆఫీసులో అనుభవిస్తున్నారు.

ప్రియను ఎలా చూడాలి

ప్రియను విలన్‌గా తీసి పక్కన పెట్టేస్తే కథ సగం చేజారిపోతుంది. ఆమె కులంలో పైన ఉంది, ఇంట్లో కింద ఉంది. ఆమె ఇష్టానికి ఆ ఇంట్లో పేరు కూడా లేదు. తన బాధను భారతి ముందు పెట్టుకునే చనువు ఆమెకుంది. భారతి బాధను మోసే శక్తి మాత్రం లేదు. కులం వినగానే మారిపోవడం ఆమె దుర్మార్గంతో ఆలోచించి చేసిన పని కాదు. ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంటుంది.

భారతి వాడిన ఆయుధం ఏమిటో కూడా చూడాలి. సినిమా వచ్చేనాటికి అమల్లో ఉన్న ప్రసూతి ప్రయోజనాల చట్టం, 2017 సవరణ తర్వాత, 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చేది. ప్రసూతి సెలవులో ఉన్న స్త్రీని పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. కానీ ప్రియను కంపెనీ తీసేయలేదు, ఇల్లు ఆపేసింది. ఇంట్లో అడ్డుకునే అత్తమామల మీద ఈ చట్టం పనిచేయదు. భారతికి ఆ సంగతి బాగా తెలుసు. బ్రాహ్మణ పితృస్వామ్యం తన ఇంటి ఆడవాళ్ళ మీద పెట్టుకున్న తాళాన్ని ఆమె బయట నుంచి తిప్పింది, అంతే. ఆ తాళం ఆమె తయారుచేసింది కాదు.

తల్లి మంత్రసాని అన్న విషయం ఇక్కడ ఇంకో అర్థం ఇస్తుంది. పురుడు పోయడానికి, బొడ్డు కోయడానికి దళిత స్త్రీ చెయ్యి కావాలి. ఆ పని అయ్యాక అదే చెయ్యి అంటరానిదవుతుంది. మన పల్లెల్లోనూ ఇది తెలియని సంగతి కాదు. ఆ తల్లి కూతురు ఒక అగ్రకుల ఇంట్లో బిడ్డ పుట్టడాన్నే తన ఉద్యోగానికి దారిగా మార్చుకుంది.

భారతి చేసింది న్యాయమేనా

చదువు సర్కిళ్ళలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇంకో అణచివేతకు గురైన స్త్రీ జీవితాన్ని మూసేసి తన దారి తెరుచుకోవడం న్యాయమా అని అడిగేవాళ్ళుంటారు. ఆమెకు రావాల్సిన ఉద్యోగాన్ని ఆమె తీసుకుంది, అంతేగా అని జవాబు చెప్పేవాళ్ళూ ఉంటారు. మా అభిప్రాయం ఇదీ. భారతిని నైతికంగా తూచే ముందు, ఆమె ముందున్న మిగతా తలుపులను లెక్కపెట్టాలి. నిజాయితీగా దరఖాస్తు పెట్టింది, రాలేదు. నిజం చెప్పింది, ప్రేమ పోయింది. ఫిర్యాదు వినే కమిటీ గానీ, పక్కన నిలబడే సంఘం గానీ కథలో ఎక్కడా కనిపించవు. దశరథ్‌కు కూడా తెలిసింది హెచ్చరించడం ఒక్కటే. అన్నీ మూసుకున్నాక మిగిలినది ఒక్క దొంగదారి. దాన్ని పట్టుకున్నందుకు ఆమెను తప్పుపట్టడం తేలిక. తలుపులన్నీ మూసినవాళ్ళను నిలదీయడం కష్టం.

అలాగని దీన్ని విజయంగా చూపించి చప్పట్లు కొట్టడానికీ మేం సిద్ధంగా లేం. సినిమా కూడా కొట్టనివ్వదు. కుర్చీ ఒకటే ఉంది, ఇద్దరు స్త్రీలు దాని కోసం పోటీ పడ్డారు. రెండో కుర్చీ ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. ఆఫీసు నిబంధనలు మారలేదు, యజమాని మారలేదు. రేపు యంత్రం దగ్గర నిలబడే ఇంకో దళిత అమ్మాయికి దారి ఏమీ తెరుచుకోలేదు. కుర్చీ దక్కిన రోజు కూడా భారతి చేతిలో ఉన్నది స్టీలు కప్పే. తెలుగు పల్లెల్లో హోటళ్ళ ముందు రెండు గ్లాసుల పద్ధతి మీద పోరాడిన కార్యకర్తలకు ఆ కప్పు గురించి వేరే వివరణ అవసరం లేదు. ఊరి హోటల్లో గ్లాసును అందరూ చూడగలరు, ధర్నా చేయగలరు. డ్రాయింగ్ రూములో మర్యాదగా అందించే కప్పును పట్టుకోవడం అంత సులువు కాదు.

ఈ కథను హాస్టళ్ళలో, సంఘం ఆఫీసుల్లో ప్రదర్శించి చర్చ పెట్టమని మేం కోరుతున్నాం. మొదలుపెట్టడానికి మూడు ప్రశ్నలు. మీ పనిచోట ఏ కుర్చీలో ఎవరు కూర్చున్నారు, యంత్రం దగ్గర, ఊడ్చే చోట ఎవరున్నారు? మీ ఇంటిపేరు చెప్పడానికి మీరు ఎక్కడెక్కడ తటపటాయించారు? భారతి పక్కన ఒక్క సంఘం నిలబడి ఉంటే ఈ కథ ఎలా నడిచేది? మూడో ప్రశ్నకు జవాబు సినిమాలో దొరకదు, మనమే రాసుకోవాలి.