కొలువులో తాతగారి ఇల్లు

సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చే ఇళ్లలో మెట్లమీద దేవుళ్లుంటారు, మెట్లక్రింద ఊరుంటుంది. ఇసుక పరచి, మొలకెత్తిన ఆవాలతో పొలమును, అద్దపు ముక్కతో చెరువును కల్పిస్తారు. ఆ ఊరిలో నిలుపవలసిన ఇంటిని గూర్చి ఈనాడు నాలుగు మాటలు చెప్పదలచినాను.

నెల్లూరు జిల్లాలో పెన్నానది ఒడ్డున ఉన్న సంగం గ్రామములో మా తాతగారి పెంకుటిల్లు ఉండేది. గోడలు బీటలు వారినందున కొన్నేండ్ల క్రిందట దానిని పడగొట్టి మిద్దె కట్టినారు. పెళ్లి ఫోటోలలో మనుష్యులున్నారు గాని, వారి వెనుక ఇల్లు మూరెడు మాత్రమే కనిపిస్తుంది. మా అమ్మాయి ఆ ఇంటిని కొలువు కొరకు అట్టతో కట్టినది. గోడలు మల్లెపూవువలె తెల్లగా, పెంకు కుంకుమవలె ఎర్రగా ఉన్నవి. డెబ్బది అయిదేళ్ల మా అమ్మ కళ్లజోడు సవరించుకొని చూచి, "చాలా బాగుంది పాపా, ఎవరిల్లు ఇది?" అన్నది.

పుట్టి పెరిగిన ఇంటిని ఆమె ఎందుకు గుర్తించలేకపోయినది? ఆ బొమ్మ యింట లోపించినవి మూడు: కొలత, కాలము, మనుష్యుల జాడ.

మొదటిది కొలత. రెండడుగులకు ఒక అంగుళము చొప్పున తీసుకొంటే ఇల్లు అసలులో ఇరువదినాలుగవ వంతు అవుతుంది. ఆరడుగుల ద్వారము మూడంగుళాలు. మూరెడు మందము గల మట్టిగోడ ముప్పాతిక అంగుళము. ఈ లెక్క ఒక్కచోట తప్పినా కన్ను వెంటనే పట్టుకొంటుంది. కొండపల్లివారు తెల్లపొణికి కర్రతో చేసిన నాలుగంగుళాల రైతుబొమ్మను ఈ ఇంటి ముందు నిలిపితే, అతడు ఎనిమిదడుగుల మనిషి అవుతాడు; తన గుమ్మములో తానే దూరలేడు. బొమ్మలు ముందే ఉన్నవారు బొమ్మను బట్టి ఇంటి కొలత నిర్ణయించుకొనుట మేలు.

పైకప్పు విషయములోనూ ఇంతే. మందమైన కాగితముపై గీతలు గీసినంత మాత్రాన అది పెంకు కాదు. సామానులు వచ్చే ముడతల అట్టను కొంచెము తడిపి, పై కాగితమును ఒలిచివేస్తే లోపలి గాడులు బయటపడతాయి. గాడులకు అడ్డముగా సన్నని పట్టీలు కోసి, చూరునుండి కొప్పు వరకు ఒకదానిపై ఒకటి కొంచెము ఎక్కునట్లు అతికించినచో గూనపెంకు వరుసలు ఏర్పడతాయి. ఒకటి రెండుచోట్ల పెంకు జారినట్లు చూపవలెను. కోతులు, కొబ్బరిమట్టలు ఏ ఇంటి పెంకును నిలుకడగా ఉండనిచ్చినవి?

రెండవది కాలము. ఎండావానలు గోడలపై వ్రాసే వ్రాతకు ఒక క్రమమున్నది. నెల్లూరు సీమకు వర్షము అధికముగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య ఋతుపవనముల వలన, తుఫానుల వలన కలుగుతుంది. కాబట్టి మన ఇళ్లలో తూర్పు, ఉత్తరపు గోడలు ఎక్కువగా తడిసి పాచి పడతాయి. పడమటి గోడ ఎండకు వెలిసిపోతుంది. చూరునీరు పడేచోట నేలపై సన్నని గాడి ఏర్పడుతుంది. అక్కడినుండి చిందిన బురద గోడ అడుగున అడుగున్నర ఎత్తువరకు మరకగా నిలుస్తుంది. మన కొలతలో అది ముప్పాతిక అంగుళము. నాలుగు గోడలకూ ఒకే విధముగా మురికి పూసినచో అది పాత ఇల్లు అనిపించుకొనదు, కడుగని ఇల్లు అనిపించుకొంటుంది.

ఇందుకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. తేయాకు డికాక్షనుతో తాటాకు కప్పు, అట్ట తలుపు ముదురుతాయి. పలుచని రంగునీటిని పైనుండి క్రిందికి జారవిడిస్తే అది సందులలో నిలిచి నీడలను చూపుతుంది. అది ఆరిన తరువాత, కుంచెకు లేతరంగు అద్ది, దాదాపు పొడిగా అయ్యేవరకు కాగితముపై తుడిచి, పెంకుల అంచులకు మాత్రము తాకించవలెను. బొగ్గుపొడిని వ్రేలితో రాస్తే వంటింటి కప్పుపై పొగచూరు సిద్ధము. ముందుగా వ్యర్థపు ముక్కపై పరీక్షించుకొనుట మరువరాదు. అసలైన ఇంటిని మనము దూరము నుండి, నడుమ గాలిని, దుమ్మును దాటి చూస్తాము. అందుచేత బొమ్మ యింటి రంగులలో చిటికెడు తెలుపు కలిపి తగ్గించుట మంచిది.

కాలమనగా వానాకాలము, ఎండాకాలము మాత్రమే కాదు. ఏ సంవత్సరపు ఇల్లు అన్నది కూడ. సంగం వద్ద పెన్నపై పాత ఆనకట్ట ఉండేది; కొత్త బ్యారేజి 2022 సెప్టెంబరు 6వ తేదీన ప్రారంభమైనది. తాతగారి ఇంటి వెనుక నదిని చూపదలచినవారు ఆ బ్యారేజి గేట్లను నిలిపితే పొరబాటు. గోడమీది దీపపుగూడు, వీధిలోని కరెంటు స్తంభము, అరుగుమీది రేడియో, ఇవన్నియు ఒకే సంవత్సరమునకు చెందినవై ఉండవలెను.

మూడవది మనుష్యుల జాడ. గడప నడుమ అరుగుతుంది, అంచులు అరుగవు. తలుపుకు చేయి తగిలేచోట నునుపు, నలుపు వస్తాయి. కూర్చునేవారు ఉన్నవైపు అరుగు మెరుస్తుంది. ప్రతి మరక వెనుక ఒక మనిషి అలవాటు ఉండవలెను. లేనిచో ఆ మరకను పెట్టకుండుటే మంచిది.

ఇటువంటి వివరములకు ఎంత విలువ గలదో నాగార్జునకొండలో చూడవచ్చును. సాగరములో మునుగనున్న లోయలో 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వమున త్రవ్వకములు జరిగినవి. కొన్ని కట్టడములను కొండపైన, అనుపు వద్ద తిరిగి నిలిపినారు. మునిగిన లోయ నమూనా, అందలి కట్టడముల నమూనాలు అక్కడి మ్యూజియములో ఉన్నవి. నీటి అడుగునకు పోయినదానిని నేడు మనము కంటితో చూడగలుగుతున్నామంటే, మునుగకముందే కొలిచి వ్రాసుకొన్నవారు ఉన్నందువల్లనే. మన పెంకుటిళ్లను కొలువ వచ్చే శాఖ ఏదియు లేదు. వాటి కొలతలు మన ఇళ్లలోని వృద్ధుల జ్ఞాపకములో ఉన్నవి. ఆ జ్ఞాపకము ఎన్నాళ్లుంటుందో చెప్పలేము.

మా అమ్మాయి కాగితము, పెన్సిలు తీసుకొని నాయనమ్మ దగ్గర కూర్చున్నది. దీపపుగూడు ఎంత ఎత్తున ఉండేది, రోలు ఏ మూల, బావిగిలక ఎటువైపు అని అడిగి వ్రాసుకొన్నది. వారము దినములలో గోడలు మాసినవి, పెంకు నల్లబడినది. వసారా స్తంభమునకు, కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తున, చిన్న నూనెమరక పెట్టినది.

మా అమ్మ చాలాసేపు చూచినది. ఈసారి ఎవరిల్లని అడుగలేదు.

"ఆ స్తంభము కాదు పాపా, ఎడమది," అన్నది. "మా నాయన ఎప్పుడూ ఎడమదానికే ఆనుకొనేవాడు. వీధిన పోయేవాళ్లు అక్కడినుంచి కనబడతారు గదా."

మరకను చెరిపి, ఎడమ స్తంభమునకు పెట్టినాము.