బరువులెత్తడం వలన కలిగే నడుమునొప్పి

నడుమునొప్పి అనగా చివరి పక్కటెముకలకు క్రింద, పిరుదులకు పైన, వీపుభాగంలో కలిగే నొప్పి. బరువులను ఎత్తేటప్పుడు గాని, మోసేటప్పుడు గాని, దించేటప్పుడు గాని ఇది హఠాత్తుగా రావచ్చును. వాడుకలో దీనిని "నడుము పట్టింది" అని అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుమునొప్పితో బాధపడ్డారు. మనుషులను పనికి దూరం చేసే అనారోగ్యాలలో ఇది మొదటి స్థానంలో ఉన్నది. తూర్పు కనుమలలోని అరకులోయ వంటి ప్రాంతాలలో జీవనం చాలావరకు బరువుల మోతపై ఆధారపడి ఉన్నందున, అక్కడ ఈ నొప్పి ఒక కుటుంబపు కూలిని, ఒక ఋతువు పంటను దెబ్బతీయగలదు.

== నడుము నిర్మాణం ==

నడుము భాగంలో ఐదు వెన్నుపూసలు ఉంటాయి. రెండేసి పూసల నడుమ మెత్తని దిండువంటి డిస్కు ఉంటుంది. పూసలను బంధనాలు కలిపి ఉంచుతాయి. వెన్నుకు రెండు ప్రక్కలా ఉండే కండరాలు శరీరాన్ని నిలబెడతాయి. కాళ్ళకు పోయే నరాలు ఈ పూసల మధ్యనుండే బయటకు వస్తాయి.

బరువు ఎత్తినప్పుడు నడుము ఒక తులాదండం వలె పనిచేస్తుంది. వీపు కండరాలు వెన్నుపూస కేంద్రానికి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. 20 కిలోల మూటను నడుముకు 40 సెంటీమీటర్ల దూరంలో చేతులు చాచి పట్టుకుంటే, ఆ మూటను నిలపడానికే వీపు కండరాలు సుమారు 160 కిలోల బరువుకు సమానమైన బలాన్ని ప్రయోగించవలసి ఉంటుంది. అదే మూటను 20 సెంటీమీటర్ల దూరానికి తెచ్చుకుంటే 80 కిలోలు సరిపోతుంది. వంగిన మొండెపు బరువు దీనికి అదనం. కనుక మూట ఎంత బరువైనది అన్నదే కాక, శరీరానికి ఎంత దూరంగా ఉన్నది అన్నది కూడా ముఖ్యమే.

== మన్యంలో బరువుల మోత ==

అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జా, గదబ, ఖోండు తదితర తెగలవారు ఈ కొండలలో నివసిస్తున్నారు. ఇక్కడి బరువుల మోత పలు విధాలు.

* కాఫీ: 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ తోటలు వాలు నేలలపై ఉంటాయి. పండ్లను శీతాకాలంలో కోసి, తడి బరువుతోనే బస్తాలకెత్తి దిగువకు మోసుకొని రావాలి.
* నీరు: ఊట నుండి గాని, గెడ్డ నుండి గాని స్త్రీలు బిందెలతో నీరు తెస్తారు. 15 లీటర్ల బిందెలో నీటి బరువే 15 కిలోలు.
* సంత: చింతపండు, పసుపు, అల్లం, అడ్డాకులు మొదలైన సరకులను కావడితో గాని, నెత్తిపై గాని సంతకు చేరుస్తారు.
* డోలీ: రహదారి లేని గూడేలలో రోగులను, గర్భిణులను కర్రకు కట్టిన డోలీలో భుజాలపై మోస్తారు.

కావడిలో బరువు రెండు వైపులా సమంగా ఉంటుంది కనుక మోసేవాని నడుము ముందుకు గాని, ప్రక్కకు గాని అంతగా లాగబడదు. చుట్టకుదురుపై నిలిపిన బిందె కూడా వెన్నుకు నేరుగా పైన ఉంటుంది. అందులో శ్రమ మెడపై ఎక్కువ. నడుముకు ఎక్కువ ప్రమాదం నడకలో కంటే మూటను నేలనుండి ఎత్తడంలోను, ఒంటి భుజంపై మోయడంలోను, అలసిన కాళ్ళతో జారుడు వాలులో దిగడంలోను ఉన్నది.

== కారణాలు, లక్షణాలు ==

నడుమునొప్పిలో పదింట తొమ్మిది కేసులలో ఫలానా భాగమే చెడిపోయిందని చూపగల స్పష్టమైన కారణం కనిపించదు. కండరాలు, బంధనాలు శ్రమకు లోనై పట్టివేయడంతో వంగడం, లేవడం కష్టమవుతుంది. కొందరిలో డిస్కు ఉబ్బి నరాన్ని ఒత్తుతుంది. అప్పుడు నొప్పి పిరుదు నుండి కాలి వెనుకగా పాదం వరకు ప్రాకుతుంది. తిమ్మిరి, మంట కలుగుతాయి. దీనిని సయాటికా అంటారు. ఇది కూడా ఎక్కువమందిలో శస్త్రచికిత్స లేకుండానే కొన్ని వారాల నుండి కొన్ని నెలలలో తగ్గుతుంది.

== చికిత్స ==

పూర్వం నడుము పట్టినవారిని వారాల తరబడి పడుకోబెట్టేవారు. ఇది సరికాదని పరిశోధనలు నిరూపించాయి. 1986లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, వారం రోజుల విశ్రాంతి సూచించినవారికంటే రెండు రోజులే సూచించినవారు తక్కువ పనిదినాలు కోల్పోయారు. 1995లో ఫిన్లాండులో జరిగిన అధ్యయనంలో, నొప్పి అనుమతించినంత మేరకు మామూలు పనులు చేసుకున్నవారే త్వరగా కోలుకున్నారు. మంచంపైనే ఉంటే కండరాలు నీరసిస్తాయి, కదలడానికి భయం పెరుగుతుంది.

* మొదటి ఒకటి రెండు రోజులు బరువుల మోత మాని, ఇంటిలో, వాకిట్లో మెల్లగా నడవాలి. ఎక్కువసేపు ఒకే విధంగా కూర్చోరాదు.
* వేడి నీటితో కాపడం ఉపశమనాన్ని ఇస్తుంది. తైలమర్దనం హాయినిస్తే చేసుకోవచ్చును గాని గట్టిగా తొక్కించరాదు.
* ఐబుప్రొఫేన్ వంటి నొప్పి మాత్రలను వైద్యుని సలహాపై, ఆహారం తరువాత, కొద్దిరోజులే వాడాలి. కడుపులో పుండు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు వీటిని స్వంతంగా వాడరాదు. పారాసిటమాల్ ఈ నొప్పిని ఉత్తుత్తి మాత్రకంటే ఎక్కువగా తగ్గించలేదని 2014లో ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన తెలిపింది.
* కాల్చి వాతలు పెట్టడం వలన నొప్పి పోదు. పుండు పడి చీము పట్టవచ్చును.
* నొప్పి తగ్గుతుండగా చిన్న బరువులతో మొదలుపెట్టి, క్రమంగా మామూలు పనికి రావాలి. కొంచెం నొప్పి మిగిలి ఉన్నంత మాత్రాన నడుము చెడిపోతున్నదని అర్థం కాదు.

== ప్రమాద సూచనలు ==

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు.

* మూత్రం రాకపోవడం లేదా మల, మూత్రాలపై అదుపు తప్పడం. మర్మావయవాల చుట్టూ స్పర్శ తెలియకపోవడం. కాళ్ళు పట్టు తప్పడం. ఇది నరాల గుచ్ఛం నలిగిన స్థితి. గంటలలో పెద్దాసుపత్రికి చేర్చకపోతే శాశ్వత వైకల్యం రావచ్చును.
* జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ తగ్గని నొప్పి. ఇది వెన్నెముక క్షయ కావచ్చును. మందులతో నయమవుతుంది, ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ మందులు ఉచితం.
* మిరియాలు కోస్తూ సిల్వర్ ఓక్ చెట్టు పైనుండి గాని, మరే ఎత్తునుండి గాని పడిన తరువాత వచ్చిన నొప్పి. పూస విరిగి ఉండవచ్చును.

ఎత్తునుండి పడినవారిని వస్త్రపు డోలీలో మోయరాదు. డోలీలో శరీరం ముడుచుకొనిపోయి, విరిగిన పూస వెన్నుపామును నొక్కవచ్చును. వెడల్పాటి బల్లపై గాని, తలుపు చెక్కపై గాని వెల్లకిలా పడుకోబెట్టి, తల, మొండెం కదలకుండా కట్టి, నలుగురు కలిసి మోయాలి. 108 వాహనం చేరగల చోటికి ఇలాగే చేర్చాలి.

== క్రీడాకారుల అనుభవం ==

ఉత్తరాంధ్ర మైదానాలు బరువులెత్తే క్రీడకు పేరుపొందాయి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం పొందారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగంలో రజతం సాధించారు.

క్రీడాకారులకు కూడా నడుమునొప్పి వస్తుంది. అయితే వారు ముందుగా శరీరాన్ని వేడెక్కిస్తారు, కడ్డీని శరీరానికి దగ్గరగా ఎత్తుతారు, బరువును కొంచెం కొంచెంగా పెంచుతారు, కఠిన శ్రమ తరువాత విశ్రాంతి తీసుకుంటారు. మోతకూలీకి బరువును, సమయాన్ని, విశ్రాంతిని నిర్ణయించుకునే అవకాశం ఉండదు. ఇద్దరి మధ్య ముఖ్యమైన తేడా ఇదే.

== నివారణ ==

* మూటను కాళ్ళ మధ్యకు తెచ్చుకొని, పొట్టకు ఆనించి ఎత్తాలి. ఎత్తుతూ నడుము మెలితిప్పరాదు. పాదాలను కదిపి తిరగాలి.
* నేలనుండి కాక, నడుమెత్తు గట్టుపైనుండి ఎత్తుకొనేలా బస్తాలను పేర్చాలి.
* డోలీ మోసేవారు తరచుగా భుజం, మనిషి మారాలి.
* పంట కోతలు మొదలైనప్పుడు తొలి రోజులలో తక్కువ బరువు మోయాలి.

ఎత్తే పద్ధతిని నేర్పినంత మాత్రాన నడుమునొప్పులు తగ్గవని అధ్యయనాలు చెబుతున్నాయి. బరువే తగ్గాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 సిఫారసు ప్రకారం వయోజన పురుషుడు మోసే బరువు 55 కిలోలు మించరాదు. స్త్రీలకు ఇంకా తక్కువ ఉండాలి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ అన్ని విధాలా అనుకూలమైన పరిస్థితులలో కూడా చేతులతో ఎత్తే బరువు 23 కిలోలకు లోబడి ఉండాలని సూచిస్తుంది. ఒక పెద్ద బస్తాకు బదులు రెండు చిన్న బస్తాలు కట్టడం, గూడెం దగ్గరకే కుళాయి నీరు, తోట వరకు బండిబాట, ఊరి వరకు రహదారి - మన్యంలో నడుమును కాపాడే సాధనాలు ఇవే. నడుము పట్టడాన్ని మోసేవాని పొరపాటుగానే భావించకుండా, మోపిన బరువును కూడా లెక్కలోనికి తీసుకోవడం అవసరం.