చెర్నాకోల తీరు గాలం

కడప జిల్లాలో పెన్న నదిపై ఉన్న మైలవరం జలాశయం గట్టు మీద సాయంత్రం పూట గాలం వేసే పిల్లల సరంజామా చాలా చిన్నది. ఒక వెదురు గెడ, నైలాన్ దారం, బెండు, చిన్న సీసపు గుండు, గాలం, దానికి గుచ్చిన వానపాము. గెడ విసరగానే గుండు దారాన్ని లాక్కుంటూ పోతుంది. గుండు ఎంత దూరం పోతే ఎర అంత దూరం.

మరి ఎరకు బరువే లేకపోతే? నీటి మీద వాలే రెక్కల పురుగంత తేలికైన ఎరను నలభై అడుగుల అవతల, చప్పుడు కాకుండా దించాలంటే ఎట్లా? ఈ చిక్కును విప్పడానికి పుట్టిన పనిముట్టే ఫ్లై ఫిషింగ్ గాలం. చల్లటి సెలయేళ్లలో బతికే ట్రౌట్ చేప కోసం అది పుట్టింది.

క్రీ.శ. 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియాలోని ఒక ఏటి దగ్గర చేపలు పట్టే తీరును రాసిపెట్టాడు. అక్కడి చేపలు నీటి మీద ఎగిరే ఒక ఈగను తింటాయి. నిజం ఈగను పట్టి గాలానికి గుచ్చితే అది నలిగి రంగు పోతుంది. అందుకని వాళ్లు గాలం చుట్టూ ఎర్రటి ఉన్ని చుట్టి, కోడిపుంజు గొంతు కింది మైనం రంగు ఈకలు రెండు కట్టేవాళ్లు. ఈ దొంగ పురుగునే ఇప్పుడు ఫ్లై అంటున్నారు. పద్దెనిమిది వందల ఏళ్లు గడిచినా ఫ్లై కట్టేవాళ్లు కోడి ఈకను వదల్లేదు. దక్షిణ భారతపు అడవికోడి మెడ మీది ఈకలకు కూడా మైనపు చుక్కల్లాంటి మెరుపు ఉంటుంది. ఒకప్పుడు అవి సాల్మన్ ఫ్లైల కోసం ఓడల్లో ఇంగ్లండుకు పోయేవి. ఆ పిట్టకు ముప్పు ముంచుకొచ్చాక భారత ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది.

మాసిడోనియా గెడ ఆరడుగులు, దారమూ ఆరడుగులే. దాంతో ఎరను నీటిమీద వాల్చవచ్చు గానీ విసరలేరు. విసరడం తాడుకు బరువు వచ్చాక సాధ్యమైంది. ఈ యంత్రం మర్మమంతా అక్కడే ఉంది. మామూలు గాలంలో గుండు తాడును లాక్కుపోతుంది, ఇందులో తాడు ఎరను మోసుకుపోతుంది. ట్రౌట్ కోసం ఎక్కువగా వాడే 5వ నంబరు తాడులో ముందరి ముప్పై అడుగుల బరువు సుమారు 9 గ్రాములు. ఫ్లై బరువు ఆ పక్కన లెక్కలోకే రాదు.

ఎద్దుల బండి తోలినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పే పని లేదు. చెర్నాకోల పిడి దగ్గర లావు, కొన దగ్గర సన్నం. పిడిలో పుట్టిన ఊపు సన్నటి కొనకు చేరేసరికి వేగం పెరిగి, కొన ధ్వని వేగాన్ని మించిపోతుంది. ఛెళ్లుమనే చప్పుడు అందుకే. ఫ్లై తాడు కూడా కొనకు సన్నగిల్లుతుంది. గెడను మొదట వెనక్కి లేపాలి. తాడు తల మీదుగా పోయి వెనక పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. ఆ ఒక్క క్షణం ఆగడమే నేర్చుకోవలసిన విద్య. తాడు బరువుకు గెడ విల్లులా వంగుతుంది, ముందుకు తోసి చెయ్యి టక్కున నిలపగానే విప్పుకుంటుంది. తాడు గాల్లో మడత పడి, ఆ మడత దొర్లుకుంటూ ముందుకు పోతుంది. చివరనున్న తొమ్మిదడుగుల సన్నటి నైలాన్ దారం మిగిలిన ఊపును గాలికి వదిలేసి, ఫ్లైని మెత్తగా దించుతుంది. తొందరపడి ముందే విసిరితే వెనక ఛెళ్లుమంటుంది, ఫ్లై తెగి పోతుంది.

గెడ కథలో మన దేశానికీ ఒక పేజీ ఉంది. 19వ శతాబ్దం నడుమ అమెరికాలో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల పనివాడు వెదురును నిలువునా చీల్చి, బద్దలను అతికించి గెడలు చేశాడు. తొలినాళ్లలో అందుకు వాడింది కలకత్తా వెదురు. తర్వాత చైనా నుంచి వచ్చిన టాంకిన్ వెదురు దాన్ని పక్కకు నెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాజునార గెడలు, 1973లో కార్బన్ గెడలు వచ్చాయి. తాడుదీ ఇదే వరస: గుర్రపు తోక వెంట్రుకలు, తర్వాత రోజూ ఆరబెట్టి జిడ్డు రాయవలసిన పట్టు, ఆ పైన ప్లాస్టిక్ పూత.

ట్రౌట్ మాత్రం కడపకు రాలేదు, రాదు. దానికి 10 నుంచి 18 డిగ్రీల నీళ్లు హాయి, 25 దాటితే ప్రాణగండం. చల్లటి నీటిలో ప్రాణవాయువు ఎక్కువ కరుగుతుంది: 10 డిగ్రీల దగ్గర లీటరుకు 11 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. మద్రాసు ప్రభుత్వం 1907లో నీలగిరుల్లోని అవలాంచిలో ట్రౌట్ హేచరీ పెట్టింది. అప్పుడు కడప జిల్లా కూడా మద్రాసు కిందే ఉంది. కానీ చలి నీలగిరులకే ఉంది. 2025 జులైలో రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో, నీటిని చల్లబరిచి శుద్ధి చేసి మళ్లీ తిప్పే యంత్రాలతో, ట్రౌట్ పెంపక కేంద్రాన్ని ప్రారంభించారు. దక్కను వేడిలో ట్రౌట్ బతకాలంటే అంత హంగు కావాలి.

పెన్న నీళ్లకు తగిన చేప వేరే ఉంది. అది కొర్రమీను, కొందరి నోట కొర్రమట్ట. మొప్పలతో సరిపెట్టుకోకుండా ఇది గాలినే పీలుస్తుంది, అందుకోసం పైకి వచ్చి తీరాలి. ప్రాణవాయువు తగ్గి ట్రౌట్ చచ్చే నీటిలో ఇది నిశ్చింతగా తిరుగుతుంది. కప్ప కనిపిస్తే ఎగిరి పట్టుకుంటుంది. థాయిలాండ్, మలేసియాల్లో కప్ప ఆకారపు ఫ్లైలతో ఈ జాతినే పడుతున్నారు. గుడ్లు పిల్లలయ్యాక తల్లీతండ్రీ చేపలు ఎర్రటి పిల్లల గుంపు కింద కావలి కాస్తాయి. ఆ గుంపు కనిపించినచోట గాలం వెయ్యరాదు. పెద్ద చేపను పడితే గుంపంతా ఇతర చేపలకు మేతవుతుంది.

ఇలాంటిది చెప్పడానికే వెంట తోడు కావాలి. డబ్బిచ్చి గాలం వెయ్యడానికి వచ్చిన అతిథికి గెడ పట్టడం ఎవరైనా నేర్పవచ్చు. తుంగ కదిలింది గాలికా చేపకా అని చెప్పగలిగేది ఆ నీటి మీద పెరిగినవాడే. అలాంటి స్థానికుల్నే తోడుగా పెట్టడం కర్ణాటకలో కావేరి మీద చేసి చూపించారు. వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా నదిలో ఒక భాగాన్ని తీసుకుని, ఒకప్పుడు దొంగతనంగా చేపలు పట్టినవాళ్లనే కాపలాదారులుగా, గైడ్లుగా మార్చింది. పట్టిన మహసీర్ చేపను మళ్లీ నీటిలోకి వదిలేవారు. తర్వాత వన్యప్రాణి చట్టం కింద అక్కడ గాలం ఆగిపోయినా, ఆ నమూనా పనికిరాదని ఎవరూ అనలేరు.

ఇక కడప జిల్లా సంగతి. కృష్ణా నీరు ఇప్పుడు ఇక్కడి 26.85 టీఎంసీల గండికోట జలాశయంలో నిలుస్తోంది. అక్కడినుంచి కిందికి మైలవరానికి, ఎత్తిపోతల ద్వారా పార్నపల్లె దగ్గరి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకూ పోతుంది. జమ్మలమడుగుకూ పులివెందులకూ మధ్య చేపలకు ఇంత నీరు ఒక తరం కిందట లేదు. మైలవరం గేట్లు ఎత్తినప్పుడు ప్రొద్దుటూరు దగ్గర పెన్న ఇసుక తడిసేదీ ఈ నీటితోనే. గండికోట పర్యాటకానికి కేంద్రం 2024లో సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ పనుల నడుమ చిన్న పని ఒకటి చేర్చాలి. పుట్టి నడిపే మత్స్యకారుల్లో పదిమందికి ఫ్లై గెడ పట్టడం నేర్పాలి. వెనక ముల్లు లేని గాలాలే వాడాలని, పిల్లలతో ఉన్న చేపను ముట్టరాదని, వచ్చిన రుసుములో సగం మత్స్యకార సంఘానికే చెందాలని మొదటి రోజే రాసిపెట్టాలి. మత్స్యశాఖ, పర్యాటక శాఖ కలిసి కూర్చుంటే దీనికి పెద్ద ఖర్చు కాదు. నీళ్లు ఇప్పటికే వచ్చి ఉన్నాయి.