కాయ ఆగదు, కాగితం కదలదు

గోదావరి జిల్లాల పల్లెల్లో ఆవకాయ, మాగాయ పెట్టి నాలుగు డబ్బులు సంపాదించుకోవాలనుకునే ఆడవాళ్లకు పనితనంలో లోటు లేదు. లోటల్లా ఇంటి కాగితానికే. అది నిన్నా మొన్నా వచ్చింది కాదు, తాతల నాటి నుంచి ఉన్నదే.

ఊరి నడుమ ఉన్న పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలోనివే. పొలాలకు సర్వే నంబర్లు, పట్టాలు, పాసు పుస్తకాలు ఉన్నాయి. జనం కాపురముండే నేలను మాత్రం గ్రామకంఠం అని గంపగుత్తగా రాసి వదిలేశారు. తాత కట్టిన ఇంటిని కొడుకులు, మనవలు మాట మీదే పంచుకున్నారు. మహా అయితే పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్నారు. ఇన్ని తరాలూ కాపురాలకు అది సరిపోయింది. వ్యాపారానికే చాలడం లేదు.

ఆహార భద్రత కోసం 2006లో చేసిన చట్టం కింద నిబంధనలు 2011 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చాయి. ఇంట్లో పచ్చడి పెట్టి అమ్మినా రిజిస్ట్రేషన్ ఉండాలి, ప్యాకెట్ మీద 14 అంకెల నంబరు వేయాలి. జనం తినే వస్తువు కాబట్టి ఆ నియమాన్ని ఇక్కడెవరూ తప్పు పట్టరు. చిన్న వ్యాపారికి ఆ నిబంధనల్లో పెట్టిన ఫీజు ఏడాదికి 100 రూపాయలే, అదీ బరువు కాదు. పచ్చడి ఏ ఇంట్లో పెడుతున్నారో రుజువు చూపమన్నప్పుడే చిక్కంతా. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు ఎప్పుడో పోయిన పెద్దల పేరు మీద ఉంటాయి. యజమాని చేత అభ్యంతరం లేదని రాయించుకు రమ్మంటారు.

"మా మామగారు పోయి పదిహేనేళ్లయిందండి. ఆయన సంతకం ఎక్కడి నుంచి తెచ్చేది?" అంటారు ఒకావిడ. మంచం కింది ట్రంకుపెట్టె ఇవతలికి లాగి, ప్లాస్టిక్ కవర్లో దాచిన పన్ను రసీదులు చూపిస్తారు. అడుగునున్నవి మడతల దగ్గర చిరిగాయి, సిరా వెలిసిపోయింది. ఏ ఒక్క ఏడాదీ బాకీ లేదు.

పేరు మార్పించుకోవాలంటే మరణ ధ్రువపత్రం కావాలి, వారసుల ధ్రువపత్రం కావాలి, వాటాదారులందరి సంతకాలూ కావాలి. బావగారు హైదరాబాద్‌లో, మరిది గల్ఫ్‌లో, ఆడపడుచు అత్తారింట్లో. "సంతకం పెట్టమంటే వాటా రాయించుకుంటున్నానని అనుమానపడుతున్నారండి. పచ్చడి కోసమంటే నమ్మరు" అంటారు ఇంకొకావిడ. స్టాంపు కాగితానికి, నోటరీకి, నెట్ సెంటర్‌లో స్కానింగుకి చేతి డబ్బు వదులుతుంది. తిరిగిన ప్రతి రోజూ కూలి పోతుంది.

ఈలోగా కాయ ఆగదు. ఏప్రిల్, మే దాటితే ఆ ఏటికి ఆవకాయ లేనట్టే. ఏళ్ల తరబడి ఇదే వరస. నంబరున్న వ్యాపారి వచ్చి కిలోల లెక్కన కొనుక్కుపోయి, తన సీసాల్లో నింపి, తన లేబుల్ అంటించుకుంటాడు. "కారం కలిపి చేతులు మండేది మాకు, పేరు ఆయనకి. ధర పెంచమంటే నీకు నంబరుందా అంటాడు" అన్నది వాళ్ల గోడు. పూచీకత్తు అడగని ముద్రా రుణాలు 2015 నుంచి ఉన్నా, వ్యాపారం ఉందని చూపే కాగితం దగ్గర అక్కడా బండి ఆగిపోతుంది.

సులువు చేయాలంటే దారి లేకపోలేదు. ఆధార్‌తో, పైసా ఖర్చు లేకుండా చిన్న వ్యాపారాల ఉద్యమ్ నమోదు 2020 జూలై నుంచి జరుగుతోంది. గ్రామకంఠం ఇళ్లను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులిచ్చే స్వామిత్వ పథకమూ ఆ ఏడాదే మొదలైంది. కార్డు చేతికి రాని ఇళ్లు ఎదురుచూపుల్లోనే ఉన్నాయి.

ఈ ఆడవాళ్లు ఇల్లు రాసిమ్మని అడగడం లేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించి పచ్చడి అమ్ముకోనిమ్మంటున్నారు. ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంటున్నారని ఇరుగుపొరుగు చెప్పే సాక్ష్యం చాలనాలి. వాటాల తగువుంటే వేరేగా తేల్చుకుంటారు. ఏటా పన్ను కట్టించుకునేటప్పుడు ఈ ఇల్లు ఎవరిదన్న అనుమానం ఎవరికీ రాలేదు. పన్నుకు చాలిన చిరునామా పచ్చడికీ చాలాలి.