చార్జింగ్ నిలిచే కెమెరాను ఎంచుకోవడం ఎలా?



కిందటి వార్షికోత్సవం మీకు గుర్తుండే ఉంటుంది. ఆటల పోటీలు, పాటలు, అతిథుల ప్రసంగాలు అన్నీ అడిగి తెచ్చుకున్న కెమెరాలో బాగానే పడ్డాయి. చివర్లో, ఏళ్ల తరబడి మనకు అన్నం వండిపెట్టి రిటైరవుతున్న పెద్దమ్మకు శాలువా కప్పే సమయానికి బ్యాటరీ అయిపోయింది. ఒకరిద్దరు ఫోన్లతో తీసినా, ఆ మసక వెలుతురులో దూరం నుంచి తీసిన ఫొటోల్లో ఆమె ముఖం పోల్చుకోలేం. ఈ ఏడు అందరం తలా కొంత వేసుకుని హాస్టల్‌కు సొంత కెమెరా కొనాలనుకుంటున్నాం. ఫోన్లుండగా కెమెరా ఎందుకని కొందరు అడిగారు. ఫోనులోని ఫొటోలు ఫోను గల మనిషితోపాటే వెళ్లిపోతాయి. హాస్టల్ కెమెరా హాస్టల్లోనే ఉంటుంది. అయితే కొనేముందు తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

కరెంటు ఎక్కడ ఖర్చవుతుంది?

1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవ్ శాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరాకు 16 బ్యాటరీలు కావలసి వచ్చాయి. ఒక్క ఫొటోను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. నేటి కెమెరాలు ఎంతో మెరుగైనా, కరెంటు తాగే భాగాలు వాటిలోనూ ఉన్నాయి. వెనుక ఉండే స్క్రీన్, వెలుతురును గ్రహించే సెన్సర్, లెన్సును కదిలించే మోటారు, ఫ్లాష్, వై-ఫై ముఖ్యమైనవి. ఇందులో స్క్రీన్, సెన్సర్ నిరంతరం పనిచేస్తే బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.

డీఎస్ఎల్ఆర్ కెమెరాలో అద్దం ద్వారా నేరుగా దృశ్యాన్ని చూస్తాం. కాబట్టి నొక్కేదాకా సెన్సర్ విశ్రాంతిగా ఉంటుంది. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో చూస్తున్నంతసేపూ సెన్సర్, స్క్రీన్ రెండూ పనిచేయాలి. 2018లో వచ్చిన కానన్ 1500డీ దీనికి మంచి ఉదాహరణ. కన్ను ఆనించి తీస్తే ఒక చార్జింగ్‌కు సుమారు 500 ఫొటోలు వస్తాయి. అదే కెమెరాలో స్క్రీన్ చూస్తూ తీస్తే సుమారు 240 మాత్రమే. బ్యాటరీ అదే, కెమెరా అదే, మారింది మన అలవాటు ఒక్కటే.

పెట్టె మీది అంకెను ఎలా చదవాలి?

జపాన్‌కు చెందిన కెమెరా తయారీదారుల సంఘం 'సీపా' 2003లో ఒక పరీక్షా విధానాన్ని రూపొందించింది. ప్రతి 30 సెకన్లకు ఒక ఫొటో తీస్తారు. ఫ్లాష్ ఉన్న కెమెరా అయితే రెండు ఫొటోలకు ఒకసారి దాన్ని వెలిగిస్తారు. మధ్యమధ్య ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. కంపెనీలన్నీ ఇదే పద్ధతిలో లెక్కిస్తే పోల్చుకోవడం తేలిక. కాబట్టి కొనేటప్పుడు 'సీపా' లెక్క ప్రకారం ఎన్ని ఫొటోలో అడగండి. ఫ్లాష్ వాడకుండా వరుసగా తీస్తే అంతకన్నా ఎక్కువే రావచ్చు. వీడియోలు తీస్తే, తీసిన ప్రతి ఫొటోనూ పదిమందికి చూపిస్తూ పోతే తగ్గిపోతుంది.

బ్యాటరీ మీద రెండు అంకెలు ఉంటాయి. ఆంపియర్ గంటలను వోల్టులతో గుణిస్తే వాట్ గంటలు వస్తాయి. అదే అసలు నిల్వ. ఉదాహరణకు సోనీ పాత ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 బ్యాటరీ 1020 మిల్లీ ఆంపియర్ గంటలు, 7.2 వోల్టులు. అంటే సుమారు 7.3 వాట్ గంటలు. తర్వాత వచ్చిన ఎన్‌పీ-ఎఫ్‌జడ్100లో ఇది 16.4. అందుకే సోనీ ఏ7 రెండో తరంలో 350గా ఉన్న ఫొటోల సంఖ్య 2018లో వచ్చిన మూడో తరంలో 710కి పెరిగింది. మిర్రర్‌లెస్ అనగానే పనికిరాదని తోసిపుచ్చనక్కర లేదన్నమాట.

అయితే నిల్వ ఒక్కటే చాలదు. నికాన్ డీ5600, డీ3500 రెండింటిదీ ఒకే రకం బ్యాటరీ. మొదటిది 970 ఫొటోలు ఇస్తే, రెండోది 1550 ఇస్తుంది. కెమెరా ఎంత పొదుపుగా వాడుతుందనేదీ ముఖ్యమే.

సెకండ్ హ్యాండ్ కొంటే

మన బడ్జెట్‌కు బహుశా సెకండ్ హ్యాండే దిక్కు. పైన చెప్పిన రెండు నికాన్ కెమెరాల తయారీ ఆగిపోయింది కనుక అవి ఇప్పుడు అలాగే దొరుకుతాయి. ముందుగా ఆ బ్యాటరీ కొత్తది ఇంకా దొరుకుతుందో లేదో చూడాలి. ఉబ్బిన బ్యాటరీని ముట్టుకోవద్దు. పూర్తిగా చార్జ్ చేయించి, దుకాణంలోనే యాభై ఫొటోలు తీసి గీతలు ఎన్ని తగ్గాయో చూడాలి.

పెన్సిల్ సెల్స్‌తో నడిచే పాత చిన్న కెమెరా దొరికినా చిన్నచూపు చూడకండి. అయితే గడియారానికి వేసే మామూలు ఆల్కలైన్ సెల్స్ వేయకూడదు. ఫ్లాష్ వంటి పెద్ద భారం పడగానే వాటి వోల్టేజి పడిపోతుంది, లోపల శక్తి ఉన్నా కెమెరా ఆగిపోతుంది. మళ్లీ చార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వాడాలి. 2005లో శాన్యో సంస్థ తెచ్చిన ఎనెలూప్ రకం సెల్స్ నెలల తరబడి పక్కన పెట్టినా చార్జింగ్‌ను చాలావరకు నిలుపుకుంటాయి.

నా సలహా

మన కార్యక్రమానికి నాలుగైదు వందల ఫొటోలు చాలు. ఎక్కువ మెగాపిక్సెల్స్ కోసం డబ్బు పెట్టేకన్నా, సాధారణ డీఎస్ఎల్ఆర్, దానికి రెండు బ్యాటరీలు కొనడం మేలు. వాటిపై 1, 2 అని రాసి, ఒకటి కెమెరాలో ఉంటే రెండోది చార్జింగ్‌లో ఉండాలి. మన హాల్లో ప్లగ్గులు ఎన్నో, వాటిలో పనిచేసేవి ఎన్నో అందరికీ తెలుసు. కాబట్టి చార్జింగ్ బాధ్యత ముందురోజే ఒకరికి అప్పగించాలి. నెలల తరబడి వాడకపోతే బ్యాటరీని సగం చార్జింగ్‌తో, కెమెరా నుంచి తీసి చల్లని చోట ఉంచాలి.

కెమెరా వచ్చాక తొలి ఫొటో హాస్టల్ గేటుదో, అతిథులదో కాకూడదని నా మనవి. ఒక ఆదివారం నలుగురం కలిసి పెద్దమ్మ ఇంటికి వెళదాం. ఆ శాలువా కప్పుకోమని అడిగి తీద్దాం. రెండో బ్యాటరీ మాత్రం మరిచిపోవద్దు.